బట్టీ నోరు మూసిందెవరు?

శవం పోకో గుమ్మాన్ని మూడోసారి పొడిచింది.

చాపలో చుట్టి కర్రలకు కట్టిన రావోగో బమోగో శవాన్ని నలుగురు తలల మీద మోస్తున్నారు. బుగుంటెంగ కమ్మరివాడలో ఎవరి చావైనా అనుమానంగా ఉంటే శవాన్నే అడుగుతారు. మోసేవాళ్ళ ఇష్టాయిష్టాలతో పని లేకుండా శవమే వాళ్ళని లాక్కుపోయి, చంపినవాళ్ళ గుమ్మం చూపిస్తుందని నమ్మకం. రావోగో శవం ఊరంతా తిరిగే శ్రమ పెట్టుకోలేదు. తిన్నగా సొంత ఇంటికే వచ్చి, సొంత పెళ్ళాం గుమ్మాన్నే పొడిచింది.

"చూశారుగా!" అని అరిచాడు ముందు కర్ర మోస్తున్న లాల్లే. చచ్చినవాడి తమ్ముడు. "అన్నయ్య నోరు విప్పాడు. ఆయన ప్రాణాన్ని తిన్నది ఇదే! పొద్దు గూకేలోపల ఇది ఊరు దాటాలి."

గుమ్మంలో కూర్చున్న పోకో తల ఎత్తలేదు. అరవై దాటిన మనిషి, కుండలు చేసే చేతులు, పిల్లలు లేరు. ప్రాణాలు తినే మంత్రగత్తె అని ఇలా తీర్పు పడిన ముసలమ్మని చుట్టుపక్కల ఏ ఊరూ రానివ్వదు. రాళ్ళు మాత్రం దారి పొడవునా తోడొస్తాయి.

ఇన్‌స్పెక్టర్ కాదీ టోయే అరుగు మీద నిలబడి ఇదంతా చూసింది. ముందు నడిచేవాడు ఎటు తిరిగితే శవం అటు తిరుగుతుంది. ఈపాటిది కనిపెట్టడానికి పోలీసు శిక్షణ అక్కర్లేదు, ఇల్లు మారేటప్పుడు ఒక్కసారి మంచం మోసి ఉంటే చాలు. 

పందిరి కింద ఊరి ఠాణా సార్జెంట్ కాఫాండో గిన్నీకోడి కాలు పీక్కు తింటున్నాడు. చావింటి కోడి. అతని మూడోది.

"కేసు అయిపోయినట్టే, ఇన్‌స్పెక్టర్‌గారూ," అన్నాడు వేళ్ళు నాక్కుంటూ. "బట్టీ పైన పగుళ్ళు పూడుస్తూ జారిపడ్డాడని నేను రాశాను. పెళ్ళాం ప్రాణం తినేసిందని వీళ్ళంటున్నారు. రెంటికీ పేచీ ఏం లేదు. తినేస్తేనే కదా జారేది!"

"శవాన్ని చూస్తానని పొద్దుటి నుంచీ అడుగుతున్నాను."

"ఆచారం ఒప్పుకోదు. బలవంతం చేశారో, ఊరు తిరగబడుతుంది. అప్పుడు మీ రాజధానివాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి. అయినా మీరొచ్చింది బట్టీ కోసం కదా. చూసుకోండి, నిక్షేపంలా ఉంది."

అదీ నిజమే. తాతముత్తాతలు ఇనుము తీసిన ఆ మట్టి బట్టీ దేశం మొత్తానికీ రక్షిత కట్టడం. దానికో కంచె, ఒక బోర్డు, ఒక కాపలాదారు. ఆ కాపలాదారే రావోగో. బట్టీ మీద గీత పడితే రాజధానిలో ఫోన్లు మోగుతాయి. మనిషి చస్తే మోగించాలా వద్దా అని పెద్దలు ఒక పూట ఆలోచించుకుని, మధ్యేమార్గంగా కాదీని పంపారు.

శవం గోతి వైపు బయల్దేరింది. జనం వెనకే నడిచారు. కాదీ మాత్రం ముందు నడిచింది. అందరికంటే ముందు గోతి దగ్గరికి చేరి, చెప్పులతో సహా అందులోకి దూకి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. సంచిలోంచి, నోరు ఎర్రగా పండించే కోలా గింజ తీసి కొరికింది.

శవం మోసేవాళ్ళు ఆగిపోయారు.

"ఏయ్! అందులో ఏం చేస్తున్నావు?" అన్నాడు లాల్లే.

"నా బానిసకి ఇల్లు ఎలా కట్టారో చూస్తున్నాను. మరీ ఇరుగ్గా ఉందిరా! బతికినన్నాళ్ళూ వీడు నాకు బాకీ పడ్డ చాకిరీ ఎవడు చేస్తాడు? నువ్వా?"

వెనక నుంచి ఎవరో ముసలమ్మ కిసుక్కున నవ్వింది. "టోయే! ఆవిడ టోయే కదర్రా! సామో పిల్ల!"

జనం గొల్లుమన్నారు. ఈ ఊరివాళ్ళు మోసీ తెగ, టోయే అన్నది సామో తెగ ఇంటిపేరు; రెండు తెగలకీ తాతల నాటి నుంచీ వేళాకోళం వరస. ఎంత మాటైనా అనొచ్చు, అవతలివాడికి కోపం రాకూడదు. వస్తే వాడి పరువే పోతుంది. మోసీ ఇంట చావైతే సామో మనిషి గోతిలో కూర్చోవచ్చు, చచ్చినవాణ్ణి వెక్కిరించవచ్చు. కోరింది ముట్టజెప్పి లేపుకోవాలి తప్ప లాగి పారేయడానికి వీల్లేదు. చట్టం చేయలేని పని వేళాకోళం చేస్తుందని కాదీకి పొద్దుటే తట్టి ఉంటే మూడు కోళ్ళ ప్రాణాలు మిగిలేవి.

"లేవవే కుక్కతలకాయ తినేదానా!" అని లాల్లే కూడా నవ్వాడు. నవ్వక తప్పదు. "నీకో కోడిపుంజు ఇస్తాం, ఫో."

"కోళ్ళన్నీ మీ సార్జెంట్ పొట్టలో ఉన్నాయి. వాటిని ఇప్పుడు బయటికి తీయడం నాకిష్టం లేదు."

"పోనీ ఒక కుండెడు దోలో."

"తాగితే ఇక్కడే పడుకుంటాను. నాకు కోడీ వద్దు, దోలో వద్దు. నా బానిస దొంగ వెధవ. నా వస్తువులేవో చాపలో దాచుకుని పోతున్నాడు. విప్పండి. నా కళ్ళతో చూసుకుని లేస్తాను."

లాల్లే నవ్వు మొహం మీదే ఉంది గాని కళ్ళలోంచి దిగిపోయింది. "చాప ముడి పడ్డాక విప్పకూడదు."

"సామో అడిగితే విప్పాలి," అంది ఇందాకటి ముసలమ్మ. "మా నాయన పోయినప్పుడు ఒకడు ఆయన టోపీయే పెట్టుకుపోయాడు. విప్పండ్రా, ఎండకి చస్తున్నాం!"

విప్పారు. ఈగలు ముందుగా పలకరించాయి. కాదీ ముక్కు మూసుకోలేదు. ముక్కు మూసుకుంటే వేళాకోళం అక్కడితో ఆగిపోతుంది. అతని చెయ్యి ఎత్తి జనానికి చూపించింది.

"చూడండర్రా వీడి గోళ్ళు! కూటికి లేక మట్టి తిన్నాడా?"

జనం నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు. పది గోళ్ళలో ఆరు విరిగాయి. మిగిలిన వాటి నిండా ఎర్రటి, కాలిన మట్టి. మోకాళ్ళూ మోచేతులూ గీరుకుపోయాయి. ఎముక ఒక్కటి విరగలేదు. రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డ ముసలాడికి తల మీద బొప్పి కూడా లేదు.

"పళ్ళు లేనివాడు కోలా నమిలాడు చూడండి!" అని పెదవి తిప్పింది. లోపల ఎర్రగా ఉంది, బతికున్నవాడికన్నా ఎర్రగా. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని పోయినవాళ్ళని ఆమె రెండుసార్లు చూసింది. వాళ్ళ పెదవులూ ఇలాగే ఉన్నాయి.

చివరగా మణికట్టు. అక్కడ రాగి కడియం. దాని మీద అక్కడక్కడా వెండి పూసినట్టు తెల్లటి మచ్చలు. బొటనవేలితో రుద్దింది. పోలేదు.

"నా వస్తువులేం లేవు," అని గోతిలోంచి లేచి మట్టి దులుపుకుంది. "వెధవ, దరిద్రుడిలాగే పోతున్నాడు. కానివ్వండి."

పూడ్చారు. ఆ వెంటనే వంట దగ్గర జనం చేరారు. సంకటి ముద్దల కోసం తోసుకుంటున్న ఆ చేతులే కాసేపట్లో రాళ్ళు ఏరుకుంటాయని కాదీకి తెలుసు. అందులో ఒక ముద్ద ఆమెకీ పెట్టారు. వద్దంది.

*

"ఆడవాళ్ళు కంచె దాటి రాకూడదు," అన్నాడు కాఫాండో తాళం చేత్తో పట్టుకుని.

బట్టీ ఎదురుగా ఉంది. మనిషికి రెండింతల ఎత్తు, పైకి పోయేకొద్దీ సన్నబడ్డ మట్టి గోపురం. ముందు వైపు మట్టితోనే రెండు రొమ్ములు. కడుపులోంచి ఇనుము కనేది కాబట్టి బట్టీ ఆడదే. ఆడదాని దగ్గరికి ఆడవాళ్ళు రాకూడదని నియమం పెట్టినవాళ్ళు మగవాళ్ళు.

"ఇది కని ఎన్నాళ్ళయింది?" అంది కాదీ.

"మా ముత్తాతల కాలంలో."

"నాకూ ఆగిపోయింది. ఇద్దరం ఒక ఈడువాళ్ళం, మేం మేం సర్దుకుంటాం. తాళం తియ్యండి."

తీశాడు. బట్టీ అడుగున మనిషి పాక్కుంటూ దూరేంత నోరు. ఇనుము తీసేటప్పుడు దాన్ని మట్టితో మూసి, పని అయ్యాక పగలగొట్టేవారు. ఇప్పుడు నోటి ముందు రాళ్ళు, ఎండిన మట్టి పెళ్ళలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కొత్త మట్టి.

"ఇవేంటి?"

"పడ్డప్పుడు విరిగాయి."

"పైనుంచి పడ్డ మనిషి పక్కనున్న తలుపు విరగ్గొట్టాడా? ఇంత చురుకైనవాడు జారడమేంటి?"

ఆమె బట్టీ బయటి గోడని గోరుతో గీరింది. వానలకి నాని నల్లబడ్డ మట్టి, పొడిగా రాలింది. తర్వాత వంగి, నోట్లోంచి చెయ్యి పెట్టి లోపలి గోడని గీరింది. ఎర్రగా వచ్చింది. నిప్పు తిన్న మట్టి. రావోగో గోళ్ళలోది ఇదే.

"సార్జెంట్, ఇతను బయటి గోడ పట్టుకుని జారలేదు. లోపలి గోడ పట్టుకుని ఎక్కబోయాడు."

"రోజూ తెల్లారకముందే లోపలికి పాకి, పెద్దలకి సజ్జపిండి నీళ్ళు వదిలేవాడు. మట్టి అంటదూ?"

"గోళ్ళు విరిగేలా వదిలేవాడా?"

ఆమె ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుని తిప్పింది. ఒక వైపు అరచేత్తో ఎంతో ముచ్చటగా మెత్తిన నునుపు. రెండో వైపు, తడి మట్టిలో లోతుగా దిగిన గీతలు. పక్కపక్కనే. గోళ్ళ గీతలు.

కాదీ ఆ పెళ్ళని చాలాసేపు కింద పెట్టలేకపోయింది. తడి ఆరకముందు లోపల మనిషి ఉన్నాడు. బతికే ఉన్నాడు.

నోట్లో నేల మీద బొగ్గుల బూడిద ఉంది. దాని మీద మాడిపోయిన ఇనప పెనం. తల ఎత్తి చూస్తే పైన ఆకాశం కనపడాల్సిన చోట రేకు కనిపించింది.

"పైన మూత ఎందుకు?"

"మరమ్మతు. వాన పడకుండా."

"ఈ నెలలో వానా? దింపండి."

"నా ప్యాంటు..."

బట్టీ పక్కన, ఇనుము తీశాక మిగిలిన చిట్టెం కుప్ప మీదికి ఆమే ఎక్కింది. కొండంత చిట్టెం, వందల ఏళ్ళ కమ్మరుల చెమట. రేకు అంచు పట్టుకుని లాగితే గణగణమంటూ కిందపడి బోర్లా తిరిగింది. దాని అడుగున సన్నటి వెండి చుక్కలు. వేలితో తోస్తే ఒకదాంతో ఒకటి కలిసి, పెద్దదై పరుగెత్తాయి.

"మంచు," అన్నాడు కాఫాండో.

"ఈ ఎండలో! రాజధానికి చెప్తాను, ఇక్కడ ఐసు దుకాణం పెట్టుకుంటారు. ఇది పాదరసం, సార్జెంట్. కొండ వెనక దొంగతనంగా బంగారం తవ్వేవాళ్ళు రాతిపొడిలో కలిపేది. కలిపాక నిప్పుల మీద పెడితే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. రాగిని ముట్టుకుంటే తెల్లగా పట్టేస్తుంది. రావోగో కడియం చూశారుగా? బయట కాలిస్తే పొగ కనపడుతుంది, మీరు పట్టుకుంటారు. పట్టుకోవాలి. అందుకని ఎవడో చక్కటి చోటు చూసుకున్నాడు. ప్రభుత్వం కంచె, ప్రభుత్వం తాళం. పొగ వస్తే బట్టీ మరమ్మతు అంటే సరి. పైనుంచి వచ్చిన పెద్దమనుషులు ఆ పొగనే చూసి చప్పట్లు కొట్టి, ఫోటోలు కూడా తీసుకుని ఉంటారు."

తాతలు పూజ చేసుకున్న పొట్టలో ఈ విషం. అది చూసి అడ్డుపడ్డ ముసలాడిని అదే పొట్టలో పెట్టి, నిప్పుల పెనం లోపలికి తోసి, నోరు మూశారు. మూశాక వాడి శవాన్ని వాడి పెళ్ళాం మీదికే ఉసిగొల్పారు. ఆ తర్వాత కోళ్ళు కోసుకున్నారు.

"అయితే మూసిందెవరో నేను చెప్తాను," అన్నాడు కాఫాండో. అతని గొంతులో హఠాత్తుగా ఉషారు వచ్చింది. వంగకుండానే, బూటు కొసతో ఒక పెళ్ళని తట్టాడు. "ఇందులో కుండపెంకుల పొడి కలిసింది. కమ్మరులు గడ్డి కలుపుతారు. పెంకుల పొడి కలిపేది కుమ్మరి ఆడవాళ్ళు. ఈ వాడలో ఆ మట్టి తొక్కేది ఒక్క పోకోయే. శవం అబద్ధం చెప్పలేదు మేడమ్! మీరే వెతికి పెట్టారు సాక్ష్యం. చాలా థాంక్స్."

"ఆమె జన్మలో కంచె దాటలేదని ఊరంతా చెబుతోంది."

"ఊరు పొద్దున్న ఆమె ప్రాణాలు తింటుందని కూడా చెప్పింది. మీరు నమ్మలేదు. మీకు నచ్చిందే నమ్ముతారా?" అని పళ్ళు కుట్టుకున్నాడు. "హత్య కేసులో అరెస్టు నాది. మీరు బట్టీకి ఎంత నష్టమైందో లెక్క వేసుకోండి."

"ముందు నేను మాట్లాడతాను. తర్వాత మీ ఇష్టం."

అతను భుజాలు ఎగరేశాడు. కాదీ పెళ్ళని సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

*

పోకో గుడిసెకి ఒకటే వాకిలి, కిటికీ లేదు. లోపల ఆమె మూట కడుతోంది. ఒక సొరకాయ బుర్ర, రోకలి, రెండు గుడ్డలు.

"కూర్చోమ్మా," అంది పోకో. "నీళ్ళివ్వనా? నా ఇంట్లో తాగితే నీకూ పేరు పడుతుందేమో."

"పడితే పడనీ అక్కా. ఇవ్వు." తాగింది. "ఇవాళ గోతిలో కూర్చుని మీ ఆయన్ని తిట్టాను. తప్పుగా అనుకోకు."

"ఎందుకనుకుంటాను? ఆయనకి సామో వాళ్ళ తిట్లంటే ఇష్టం. అవి లేకుండా పోయుంటే చిన్నబుచ్చుకునేవాడు." పోకో మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. వెంటనే ఆరిపోయింది.

"అక్కా, ఒకటి అడుగుతాను. నువ్వు ఎప్పుడైనా బట్టీ దగ్గరికి వెళ్ళావా?"

ముసలమ్మ మూట ముడి విప్పి మళ్ళీ కట్టింది.

"చెప్పకూడదన్నారు," అంది చివరికి. "మగవాళ్ళకి కోపం వస్తుందని. పండగ రోజు అందరి ముందూ వాళ్ళే చెప్తారట. ఇంక నాకు పండగేం ఉంది గాని... నలభై ఏళ్ళుగా దానికి గాలిగొట్టాలు నా చేతులతో చేశానమ్మా. చూడటానికి వచ్చేవాళ్ళకోసం. చేసి, కంచె మీంచి అందించేదాన్ని. నా గొట్టం ఎక్కడ పెడతారో, ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఆయన వచ్చి చెప్పేవాడు, బాగా అమిరిందే అని. అంతే."

"మరి?"

"ఆయన పోయిన రోజు పొద్దున్నే పిలుపొచ్చింది. బట్టీ నోరు పగిలింది, మూయాలి, మట్టి పట్టుకుని నువ్వే రా అని. నువ్వే లోపలికొచ్చి మెత్తు అని! మొదట వణికిపోయాను. ఆడదాన్ని కదా. ఇక నుంచి ఆడవాళ్ళూ ముట్టుకోవచ్చని పై నుంచి ఆర్డరు వచ్చిందన్నారు. నా మరిది కూడా అక్కడే ఉన్నాడు, ఏమీ అనలేదు." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "అప్పటికే రాళ్ళు అడ్డం పేర్చి ఉన్నాయి. నేను పైన మెత్తాను. రాళ్ళ సందుల్లోంచి లోపలికంటా దిగేలా మెత్తాను. నునుపు చేశాను. నా జన్మలో అంత బాగా ఏ కుండా చేయలేదమ్మా."

కాదీ సంచి మీద చెయ్యి గట్టిగా నొక్కిపెట్టింది.

"లోపల... ఏదైనా చప్పుడు వినపడిందా అక్కా?"

"ఆఁ. గీరుతున్నట్టు. నేను చెయ్యి ఆపితే, ఉడుములే, లోపల కాపరం పెట్టాయి, కానివ్వు అన్నాడు మరిది. పాపం, దారి మూసేస్తున్నానే అనుకున్నాను. సాయంత్రానికి ఆయన పడిపోయాడని కబురు. నేను మెత్తింది కూడా పగిలిందట. ఆయన చూడనే లేదు. వస్తే చెప్దామని వంట చేసి కూర్చున్నాను, నేను బట్టీని ముట్టుకున్నానయ్యా అని."

ఆ ముసలమ్మకి తెలియదు. తెలియనివ్వకూడదు, కనీసం ఈ గుడిసెలో, ఈ పూట. అయినా అడగాల్సింది ఒకటి మిగిలింది. లాల్లే వచ్చి ఆడవాళ్ళు ముట్టుకోవచ్చని చెబితే ఈమె చచ్చినా నమ్మేది కాదు. అలా చెప్పి నమ్మించగలిగింది ప్రభుత్వం ఒక్కటే.

"ఆ ఆర్డరు సంగతి నీకు చెప్పిందెవరు అక్కా? పిలిచిందెవరు?"

గుడిసెలో వెలుతురు తగ్గింది. వాకిట్లో ఎవరో నిలబడ్డారు.

పోకో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. ముడతలన్నీ విప్పుకుని నవ్వింది.

"ఇదిగో, మాటల్లోనే వచ్చాడు. ఈ సార్జెంట్ బాబే! స్వయంగా ఇంటికొచ్చి పిలిచాడమ్మా. తడి మట్టి తట్ట కూడా తనే మోశాడు. మా మగవాళ్ళు ఒక్కడూ అంత మర్యాద చేయలేదు నాకు."

కాఫాండో వెనక లాల్లే ఉన్నాడు. లాల్లే వెనక వాడలో మగవాళ్ళ అడుగులు, రాళ్ళు ఏరుకుంటున్న చప్పుడు. పొద్దు గూకడానికి ఇంకా టైముంది. వాళ్ళు ఆగేలా లేరు.

కాదీ లేచి, ముసలమ్మని తన వెనక్కి లాక్కుంది. పిస్తోలు కారులో ఉంది. వేళాకోళం వరస ఉన్న ఇంటికి పిస్తోలుతో రాకూడదు.

"అలా ఎండలో నిలబడ్డావేం బాబూ," అంది పోకో ఆమె భుజం మీంచి. "లోపలికి రా. నీళ్ళు తాగుదువుగాని."

కాఫాండో తల వంచి లోపలికొచ్చాడు. వాకిలి తడికని తన వెనక తనే దగ్గరగా లాగాడు.